కథలో మాంత్రికుడు

మే నెల వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో చర్చీలు పిల్లలతో నిండిపోతాయి. వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) రోజులవి. నర్సాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం, ఏ ఊరు వెళ్ళినా పొద్దున్నే మైకులో యాక్షన్ సాంగ్స్, ఆ తర్వాత కథ, కంఠత వాక్యం, రంగుకాగితాల పని, ఇంటికి వెళ్ళే ముందు బిస్కట్ పొట్లం. ఇంటికి వెళ్ళిన పిల్లలు మధ్యాహ్నం ఎండలో ఏం చేస్తారు? ఫోను చూస్తారు, టీవీ చూస్తారు. అదృష్టవంతులైన కొందరు పుస్తకం చదువుతారు. ఆ పుస్తకం దగ్గరే కొన్నేళ్ళుగా ఒక ప్రశ్న పాస్టర్ల దగ్గరికి వస్తోంది. "అయ్యగారండీ, మావాడు హేరీ పోటర్ అని మంత్రాల పుస్తకం చదువుతున్నాడండీ. చదవనివ్వచ్చాండీ?"

కొందరు పాస్టర్లు వెంటనే వద్దంటారు. కొందరు, ఈ కాలం పిల్లలకు ఇవన్నీ మామూలేనమ్మా అని పంపించేస్తారు. అడిగిన తల్లి మనసులో ఉన్నదానికి ఈ రెండు జవాబులూ సరిపోవని మా ఉద్దేశం. ఆమె అడిగింది పిల్లవాడి ఆత్మ గురించి. అంత పెద్ద ప్రశ్నకు ఒక్క మాటతో సరిపెట్టకూడదు.

ఈ భయం అమెరికా నుంచి దిగుమతి అయిందని కొట్టిపారేసేవాళ్ళున్నారు. అమెరికాలో గొడవ జరిగిన మాట నిజమే. 1997లో మొదటి పుస్తకం వచ్చాక కొద్ది ఏళ్ళలోనే అక్కడి చర్చీలు అభ్యంతరం లేవదీశాయి. 2001 డిసెంబరులో న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆలమొగార్డో అనే ఊళ్ళో ఒక చర్చివాళ్ళు ఆ పుస్తకాలను మంటల్లో వేశారు. 2000 నుంచి 2009 వరకు అమెరికా గ్రంథాలయాల్లో అత్యధికంగా అభ్యంతరాలు ఎదుర్కొన్న పుస్తకాల జాబితాలో మొదటి స్థానం ఈ కథలదే. తర్వాత పోప్ 16వ బెనెడిక్ట్ అయిన రాట్జింగర్, కార్డినల్‌గా ఉన్న రోజుల్లో, 2003లో ఒక జర్మన్ రచయిత్రికి రాసిన ఉత్తరంలో ఈ పుస్తకాల మీద ఆమె ఆందోళనను మెచ్చుకున్నారు. 2009లో వాటికన్ పత్రికే ఆరో సినిమాను మెచ్చుకుంది. అంటే పెద్దల్లోనే ఒక మాట లేదు.

మన డెల్టాలో మాత్రం ఈ భయానికి వేరు వేరే చోట ఉంది. అది చాలా లోతుగా ఉంది.

1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లండు నుంచి వచ్చి నర్సాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అక్కడ మొదలైంది. 1845లో వాలెట్ అనే జర్మన్ రాజమండ్రిలో లూథరన్ పని ప్రారంభించాడు. ఆ మిషన్ చేతులు మారబోతున్న తరుణంలో, 1869లో, ముసలితనంలో ఉన్న మిషనరీ ఫాదర్ హయ్యర్ అమెరికా నుంచి మళ్ళీ ఓడెక్కి వచ్చి దాన్ని నిలబెట్టాడు. ఈ సంగతులన్నీ చర్చీల చరిత్రల్లో ఉన్నాయి. ఆ చరిత్రల్లో అంతగా కనిపించనిది, మొదటి విశ్వాసుల ఇళ్ళల్లో ఆ రోజు ఏం మారిందన్నది. వాళ్ళలో ఎక్కువమంది మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పుట్టినవాళ్ళు. పిల్లాడికి జ్వరం వస్తే గాలి సోకిందనేవారు. గేదె పాలివ్వకపోతే దిష్టి. కాన్పులో తల్లి పోతే ఎవరో చేతబడి చేశారు. దేనికైనా మంత్రగాడి దగ్గరికే పరుగు. అతనికి కోడి ఇవ్వాలి, సారా ఇవ్వాలి, డబ్బివ్వాలి. చేతిలో లేకపోతే రైతు దగ్గర పాలేరుతనానికి రాసిచ్చి తేవాలి. కూలి డబ్బు జ్వరానికి కాకుండా జ్వరం తెచ్చిన దయ్యానికి ఖర్చయ్యేది. బాప్తిస్మం రోజున చేతి తాయెత్తు తెంచి కాలవలో పారేశామని చెప్పే సాక్ష్యాలు ఈ ప్రాంతంలో మూడు నాలుగు తరాలుగా వినిపిస్తున్నాయి. ఆ తాడు తెంచడానికి ఎంత ధైర్యం కావాలో ఇప్పటివాళ్ళ అంచనాకు అందదు. ఊరంతా నమ్మేదాన్ని, తన ఒంటి మీద ఉన్నదాన్ని, తన బిడ్డ ప్రాణం దానిలోనే ఉందని అమ్మా నాన్నా చెప్పినదాన్ని తెంచేయడమది.

ఇప్పటికీ డెల్టాలో కొన్ని క్రైస్తవ ఇళ్ళల్లో చంటిబిడ్డకు దిష్టిచుక్క పెట్టరు. నల్ల మొలతాడు కట్టరు. పక్కింటి పెద్దమ్మ ప్రేమకొద్దీ బిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టి వెళ్తుంది. ఆమె గుమ్మం దాటేదాకా నాయనమ్మ నవ్వుతూనే ఉంటుంది. దాటాక పమిట కొంగు తడిపి ఆ చుక్క తుడుస్తుంది. పెద్దమ్మ మనసు నొప్పించకుండా, తన నమ్మకమూ వదులుకోకుండా, కొంగు చివర బిడ్డ బుగ్గ మీద మెల్లగా రాస్తుంది. ఆ చేతులు ఎక్కడి నుంచి ఇక్కడికి వచ్చాయో తెలిసినవాళ్ళు ఆమెను మూఢురాలనరు. మనవడి చేతిలోని పుస్తకం అట్ట మీద మంత్రదండం పట్టుకున్న కుర్రాణ్ణి చూసి ఆమె గుండె దడదడలాడిందంటే అందులో వింత ఏముంది? తన ఇంట్లోంచి వెళ్ళగొట్టిన వాడే అట్ట మీద బొమ్మగా తిరిగి వచ్చాడనిపిస్తుంది.

పైగా అది తీరిపోయిన కథ కాదు. డెల్టా దాటి మన్యం వైపు వెళ్తే చిల్లంగి అన్న మాటకు ఇప్పటికీ మనుషుల ప్రాణాలు పోతున్నాయి. పత్రికల్లో అప్పుడప్పుడు లోపలి పేజీల్లో వచ్చే వార్తే. అక్కడ చంపబడేవాళ్ళు మంత్రగాళ్ళు కారు. ఎక్కువగా ఎవరూ అండలేని ముసలివాళ్ళు, లేదంటే భూమి తగాదాల్లో ఇరుక్కున్నవాళ్ళు. ఊళ్ళో వరసగా రెండు చావులు జరిగితే ఎవరి మీదో ఒకరి మీద వేలు పడుతుంది. మంత్రం ఏ ప్రాణమూ తీయలేదు. మంత్రం ఉందన్న నమ్మకం తీసింది. పిల్లల పుస్తకాల గురించి మాట్లాడే ముందు ఈ నిజం ముందుపెట్టుకోవాలి.

బైబిలు ఈ విషయంలో కఠినంగానే ఉంది. ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం సోదె చెప్పేవాళ్ళనూ, శకునం చూసేవాళ్ళనూ, చిల్లంగివాళ్ళనూ, చనిపోయినవాళ్ళతో మాట్లాడేవాళ్ళనూ నిషేధిస్తుంది. అక్కడ రెండో మాట లేదు. అయితే ఆ నిషేధం దేని మీద? చేసే పని మీద. అపొస్తలుల కార్యాల 19వ అధ్యాయంలో ఎఫెసు పట్టణంలో పుస్తకాలు కాల్చిన సంగతి ఉంది. పుస్తకాలు తగలబెట్టాలనేవాళ్ళు తరచు ఎత్తి చూపేది దాన్నే. జాగ్రత్తగా చదివితే, కాల్చినవాళ్ళు ఆ పుస్తకాల సొంతదారులే. మాంత్రిక విద్యతో బతికినవాళ్ళు. కాలినవి మంత్రప్రయోగాల పొత్తాలు. వాటి వెల 50,000 వెండి నాణేలని లెక్క కూడా అక్కడే ఉంది. ఎదుటివాడి చేతిలోంచి ఎవరూ ఏదీ లాక్కోలేదు. తమ బతుకుతెరువును తామే మంటలో వేసుకున్నారు. మరో సంగతి. ఏన్దోరులో కర్ణపిశాచం ఉన్న స్త్రీ దగ్గరికి సౌలు రాజు మారువేషంలో రాత్రివేళ వెళ్ళిన కథ బైబిల్లోనే, మొదటి సమూయేలు గ్రంథం 28వ అధ్యాయంలో, పూసగుచ్చినట్టు ఉంది. ఆ కథ చెప్పడం పాపమైతే అక్కడ ఉండేది కాదు. చేయకూడని పనిని కథగా చెప్పడం, ఆ పని నేర్పడం వేర్వేరని ఆ గ్రంథమే చూపిస్తోంది.

కోనసీమలో ఓ కాలవగట్టు మీది చర్చిలో వీబీఎస్ జరుగుతుండగా మేము చూసినది ఇక్కడ చెప్పాలి. డిగ్రీ చదివే అమ్మాయి పిల్లలకు నిర్గమకాండం 7వ అధ్యాయం చెబుతోంది. ఫ్లానెల్ బోర్డు మీద ఫరో బొమ్మ, మోషే బొమ్మ, అహరోను బొమ్మ. అహరోను కర్ర నేల మీద పడింది, పామైంది. ఫరో దగ్గరున్న మాంత్రికులు తమ కర్రలు వేశారు, అవీ పాములయ్యాయి. అహరోను కర్ర వాటన్నిటినీ మింగేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కళ్ళజోడు పెట్టుకున్న కుర్రాడు చెయ్యెత్తాడు. "అక్కా, మరి హేరీ పోటర్ దగ్గర కూడా కర్ర ఉంటది కదా. అది అహరోను కర్రలాంటిదా, ఫరోగాళ్ళ కర్రలాంటిదా?" వెనక నిలబడ్డ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "నేనా పుస్తకం చదవలేదురా. రేపు పట్టుకురా, ఇద్దరం చూద్దాం" అంది.

ఆ జవాబుకు మేము చేతులెత్తి దండం పెడతాం. పిల్లవాడు అడిగింది ఒక వేదాంతి అడగవలసిన ప్రశ్న. శక్తి ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది, ఎందుకు వాడుతున్నారు? మంత్రాల కథ ఏదైనా ఈ మూడు ప్రశ్నలతో తూచవచ్చు.

అలా తూచి చూస్తే ఆ పుస్తకాల్లో ఏముంది? మొదటిది పరుసవేది కథ. తాకినదాన్ని బంగారం చేసి, మనిషిని చావు లేనివాణ్ణి చేసే రాయి. కథలో ఆ రాయి ఎవరి చేతికి దొరుకుతుంది? దాన్ని వాడుకోవాలన్న కోరిక లేనివాడికి. చివరికి ఆ రాయిని నాశనం చేసేస్తారు. మన ధవళేశ్వరం దీనికి కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం గారు రాసి 1880లో పుస్తకంగా అచ్చువేసిన రాజశేఖర చరిత్రము మొదలయ్యేదే ధవళేశ్వరంలో గోదావరి ఒడ్డున. అందులో ఒక బైరాగి బంగారం చేసి ఇస్తానని రాజశేఖరుణ్ణి నమ్మించి, ఇంట్లో ఉన్న బంగారమూ వెండీ పట్టుకుని ఉడాయిస్తాడు. వీరేశలింగం గారికి దయ్యాల మీద, మంత్రాల మీద, ముహూర్తాల మీద ఉన్న కోపం తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆ కోపాన్ని ఆయన ఉపన్యాసాల్లోనే కాదు, కథలోనూ పెట్టారు. కథ చదివిన పిల్లవాడు బైరాగిని గుర్తుపట్టడం నేర్చుకుంటాడు.

హేరీ పోటర్ చదివే ఆ బడిలో జ్యోతిషం చెప్పే పంతులమ్మ కూడా ఉంటుంది. ఆ పుస్తకాల్లో చాలామందికి ఆమె మాట మీద గురి ఉండదు. బాగా చదివే అమ్మాయి ఆ తరగతిలోంచి లేచి వెళ్ళిపోతుంది. 2007లో వచ్చిన చివరి పుస్తకంలో సమాధి రాళ్ళ మీద రెండు బైబిలు వాక్యాలు ఉంటాయి. ఒకటి మత్తయి సువార్త లోది. రెండోది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం లోది. మన చర్చీల్లో భూస్థాపన ఆరాధనలో చదివే అధ్యాయమే అది. నాయనమ్మ ఎన్నో సమాధుల దగ్గర నిలబడి విన్న మాట మనవడి పుస్తకంలో ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలాగని ఈ కథల రచయిత్రి రౌలింగ్ సువార్త రాసిందని మేము అనడం లేదు. ఆ కథల్లో పిల్లలు అబద్ధాలాడి తప్పించుకునే చోట్లున్నాయి, పెద్దల మాట పెడచెవిన పెట్టే చోట్లున్నాయి. ముందు పుస్తకాల కన్నా తర్వాతివి చీకటిగా, చావులతో నిండి ఉంటాయి. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి మొదటిది ఇచ్చామని చివరిది కూడా ఇవ్వనక్కరలేదు.

విచిత్రమేమంటే, పాశ్చాత్య దేశాల్లో పిల్లల మాయా కథలకు పునాది వేసినవాళ్ళలో కొందరు చర్చికి వెళ్ళేవాళ్ళే. 1950 నుంచి నార్నియా కథలు రాసిన సి.ఎస్. లూయిస్ క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ ఎన్నో పుస్తకాలు రాసినవాడు. ఉంగరం కథ రాసిన టోల్కీన్ నిష్ఠ గల కాథలిక్కు. ఆయన కథలో అందరికన్నా గొప్ప మాంత్రికుడు ఆ ఉంగరం తన చేతికి ఇస్తానన్నా పుచ్చుకోడు, దానితో మంచి చేయబోయినా చెడిపోతానని. మన దగ్గర దీనికి తిరగేసిన సంగతి ఉంది. 1947 జూలైలో మొదలైన చందమామను 1952 నుంచి 1980లో కన్నుమూసే దాకా నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారు మార్క్సిస్టు. దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మనివాడు. ఆయన చేతుల మీదుగానే బేతాళుడు నెలనెలా విక్రమార్కుడి భుజానికెక్కాడు, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో ముగ్గురు మాంత్రికులు, భల్లూక మాంత్రికుడు వచ్చారు. నమ్మేవాడూ, నమ్మనివాడూ ఇద్దరూ పిల్లలకు మాయ కథలు చెప్పారు. మంత్రానికి శక్తి ఉందని నేర్పడానికి ఇద్దరూ చెప్పలేదు.

రాజమండ్రి మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు గోదావరి గట్టున పుట్టినవే. 1951లో వచ్చిన పాతాళభైరవికి మూలం వాటిలోనే ఉంది. బలి ఇవ్వడానికి తీసుకెళ్ళిన మాంత్రికుడే బలైపోతాడు. ఆ సినిమా చూసి మంత్రం నేర్చుకోవడానికి వెళ్ళినవాళ్ళెవరో మాకు తెలియదు. నేపాళ మాంత్రికుడి గొంతు అనుకరించినవాళ్ళు మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

ఇంత చెప్పాక కూడా, పుస్తకం చదవనివ్వనన్న తల్లిని మేము తప్పుపట్టం. కారణం బైబిల్లోనే ఉంది. జనవరిలో భీమవరం మావుళ్ళమ్మ ఉత్సవాల రోజుల్లో, తర్వాత అమలాపురం సుబ్బాలమ్మ జాతరలో, స్నేహితుడి ఇంటి నుంచి ప్రసాదం వస్తుంది. తినాలా వద్దా? డెల్టాలో ఏ క్రైస్తవ ఇంటికీ ఈ ప్రశ్న కొత్త కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయంలో పౌలు తేల్చింది దీన్నే. తింటే ఏమీ కాదని తెలిసినవాడు తినవచ్చు. కాని పక్కనున్న బలహీనమైన మనస్సాక్షి గలవాడు దానివల్ల తొట్రిల్లితే, తెలిసినవాడే మానుకోవాలి. ఇది కథలకూ వర్తిస్తుంది. ఒక పిల్లవాడు భూతాల కథ చదివి హాయిగా నిద్రపోతాడు. అతని చెల్లెలు అదే కథ విని మూడు రోజులు లైటు ఆర్పనివ్వదు. ఆ చెల్లి విషయంలో పుస్తకం పక్కన పెట్టిన తల్లి సరైన పనే చేసింది. ఏ పిల్లకు ఏ కథ అన్నది ఊరికంతటికీ ఒకే ప్రకటనగా చర్చి గోడకు అంటించే విషయం కాదు. ఆ పిల్ల ముఖం తెలిసినవాళ్ళు తేల్చవలసింది.

పుస్తకాన్ని లాక్కుంటే ఇంకో ప్రమాదం ఉంది. లాక్కుంటూ మనం చెప్పే మాట పిల్లవాడి చెవిలో ఎలా పడుతుంది? "దాన్ని ముట్టుకుంటే దయ్యం పడుతుంది." అంటే కాగితానికీ, అక్షరానికీ, బొమ్మకూ పిల్లవాణ్ణి పట్టేసే శక్తి ఉందని మనమే నేర్పుతున్నాం. నాయనమ్మ తాయెత్తు తెంచింది సరిగ్గా ఆ నమ్మకం నుంచి బయటపడడానికే. ఆమె తెంచిన తాడును, ఆమె మీద గౌరవంతోనే, మనవడి చేతికి మళ్ళీ కడుతున్నామేమో చూసుకోవాలి.

పిల్లల్లో ఆ నమ్మకాన్ని పెంచుతున్నది నిజంగా ఎవరు? ఇంగ్లండు రచయిత్రి కన్నా దగ్గరివాళ్ళున్నారు. "మీకు చేతబడి జరిగిందా? రండి, విడుదల పొందండి" అన్న ఫ్లెక్సీలు మన రోడ్ల పక్కనే ఉన్నాయి. వాటి మీద సిలువ గుర్తు కూడా ఉంటుంది. టీవీ ఛానళ్ళలో ప్రార్థన నూనె సీసాలు అమ్మేవాళ్ళున్నారు. ఫలానా బంధువు మీ మీద ప్రయోగం చేయించాడని వేదిక మీద నుంచి చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట విని ఇంటికి వెళ్ళిన కుటుంబం పిన్ని గుమ్మం తొక్కడం మానేస్తుంది. మన్యంలో వేలు చూపించే పనికీ దీనికీ తేడా ఎంత? రోగులకు ప్రార్థన చేసే ఎందరో మంచి పాస్టర్ల మీద ఈ మాట పడకూడదు. వాళ్ళు ప్రార్థన చేసి, ఆసుపత్రికి కూడా తీసుకెళ్తారు. అలాంటివాళ్ళే ఈ ఫ్లెక్సీల గురించి ముందుగా నోరు విప్పాలని మా కోరిక. హాస్టళ్ళలో రాత్రిళ్ళు గ్లాసు బోర్లించి ఆత్మలను పిలిచే ఆటలు, జాతకం చెప్పే యాప్‌లు, వశీకరణ మంత్రాలు నేర్పుతామనే వీడియోలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ద్వితీయోపదేశకాండం వద్దన్నవి ఇవి. కథల పుస్తకం మీద చూపే పట్టుదలలో సగమైనా వీటి మీద చూపాలి.

ఇక మన చర్చీల అలమారల్లో పిల్లలకు ఏముంది? బన్యన్ రాసిన యాత్రికుని ప్రయాణం ఉంటుంది. 1678 నాటి ఆ పుస్తకంలో పొలుసుల దేహంతో, రెక్కలతో దారికి అడ్డుపడే అపొల్లియోను ఉన్నాడు. నిరాశ అనే రాక్షసుడు, వాడి చెరసాల, ఆ తలుపులు తెరిచే తాళం చెవి ఉన్నాయి. దాన్ని వద్దన్న పాస్టరుగారు లేరు. క్రైస్తవ కవి గుర్రం జాషువా 1941లో గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడికి సందేశం పంపించారు. ఆ చేత్తోనే రాసిన క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన కుర్రతనంలో రాజమండ్రి సినిమాహాల్లో మూకీ సినిమాలకు కథ చదివి వినిపించే ఉద్యోగం చేశారన్న సంగతి ఆ ఊరి సండేస్కూలు పిల్లలకు చెప్పదగినది.

వాళ్ళ తర్వాత, ఈ డెల్టా పిల్లల కోసం, కాలవలూ లంకలూ పడవలూ జాతరలూ ఉన్న ఒక మాయా కథను తెలుగులో రాసిన క్రైస్తవ రచయిత మాకు కనబడలేదు. కీర్తనలు రాశాం, సాక్ష్యాలు రాశాం, నాటికలు రాశాం. పిల్లలకు కథ రాయలేదు. వచ్చే వేసవి వీబీఎస్‌లో ఒక్క పూట కంఠత వాక్యం తగ్గించి, ఆ సమయం పిల్లలకే ఇచ్చి, కథ రాయమంటే ఎలా ఉంటుందో పాలకొల్లు, నర్సాపురం, రాజమండ్రి సంఘాల పెద్దలు ఆలోచించాలి. కర్ర ఎవరిదని అడిగిన ఆ కళ్ళజోడు కుర్రాడి చేతికి మొదటి నోటుపుస్తకం ఇవ్వవచ్చు.